పోయినేటి కళ్ళజోడు

నా చిన్నప్పుడు నేను భయపడనిదంటూ ఒక్కటి కూడా ఉండేది కాదు. పొరుగింటి కోడిపుంజంటే భయం, బావి గిలక కిర్రుమంటే భయం, సందులో సైకిలు బెల్లు మోగితే భయం. "దీనికి దీని నీడే దయ్యం" అని మా అమ్మ నవ్వేది. అన్నిటికంటే పెద్ద భయం మాత్రం మా అమ్మమ్మ కళ్ళు. నేను పుట్టకముందే ఆవిడకు చూపు పోయింది. వసారాలో నులకమంచం మీద కూర్చుని, గడపలో ఎవరి అడుగు పడినా ముఖం అటు తిప్పి "ఎవరదీ?" అనేది. పాపం, ఆవిడ చేతులు నన్ను వెతుక్కునేది ముద్దు చేయడానికే. అయినా ఆ పాలిపోయిన కనుగుడ్లు నా వైపు తిరిగాయంటే నేను గోడవారగా జారుకునేదాన్ని.

ఆ భయం ఇంట్లో నా ఒక్కదానికే ఉందనుకునేదాన్ని. మా మామయ్యకూ ఉందని చాలా ఆలస్యంగా తెలిసింది.

మామయ్య మా అమ్మకు తమ్ముడు. నాన్న లారీ మీద ఊళ్ళు తిరుగుతూ ఉండేవాడు కాబట్టి అమ్మా నేనూ అమ్మమ్మ దగ్గరే ఉండేవాళ్ళం. మాచర్లకూ కారంపూడికీ నడుమ ఉంటుంది ఆ ఊరు. ఊరి వెనకే సున్నపురాయి క్వారీ. అక్కడ చెట్ల ఆకులు కూడా తెల్లగానే ఉండేవి. పనికి పోయిన మనుషులు సాయంత్రానికి పిండిలో పొర్లినట్టు తిరిగొచ్చేవాళ్ళు.

ఆ క్వారీలో మామయ్యది జెండా పని. రాయి పగలాలంటే తూటాలు పేల్చాలి. పేల్చే ముందు మామయ్య ఎత్తైన రాళ్ళదిబ్బ ఎక్కి, విజిలు ఊది, ఎర్రజెండా పట్టుకుని నాలుగు దిక్కులా చూసేవాడు. క్వారీ అంచునుంచే ఊరివాళ్ళు నడిచే అడ్డదారి ఒకటి ఉండేది. పశువు గానీ మనిషి గానీ ఆ దారిలో లేరని రూఢి చేసుకున్నాక "దారి ఖాళీ!" అని కేకేసేవాడు. ఆ కేక వింటేనే కింద తూటాలు పేల్చే ముసలాయన, మేం తూటాల తాత అనేవాళ్ళం, వత్తి అంటించేవాడు. వత్తి అంటుకున్నాక ఇక ఆపడం ఎవరి తరమూ కాదు. అంటే అందరి ప్రాణాలూ మామయ్య చూపు మీద ఉండేవన్నమాట. కళ్ళజోడు పెట్టుకుంటే ఆయనది డేగ చూపని క్వారీలో చెప్పుకునేవాళ్ళు.

చిక్కంతా ఆ కళ్ళజోడుతోనే వచ్చింది. ఏటేటా నరసరావుపేట వెళ్ళి కళ్ళు చూపించుకుని రావడం, ఏటేటా నంబరు పెరగడం. ఒక్కో ఏడూ అద్దం మందమయ్యేది. పాత జోళ్ళను పారేయకుండా గుడ్డలో చుట్టి ట్రంకుపెట్టెలో దాచేవాడు మామయ్య. ఓ ఏడు పేట నుంచి వచ్చి, కాళ్ళు కూడా కడుక్కోకుండా అమ్మమ్మ మంచం పక్కన కూలబడ్డాడు. "అమ్మా, నీకు మొదట్లో ఎట్టా ఉండేది?" అని అడిగాడు. "మసకమసగ్గా ఉండేది నాయనా. దీపం చుట్టూ మబ్బు పట్టినట్టుండేది" అంది అమ్మమ్మ. ఆవేళ అన్నం దగ్గర ఆయన ఒక్కో కన్నూ మూసి దీపం వైపు చూసుకోవడం నేను చూశాను. పెద్దవాళ్ళకు కూడా భయం వేస్తుందని నాకు అప్పుడే తెలిసింది. తెలిసి, నా భయం రెట్టింపైంది.

ఆ తర్వాత కొద్దిరోజులకు కారంపూడి సంతలో ప్రకృతి వైద్యం చెప్పే మనిషొకడు మామయ్యకు తగిలాడు. కళ్ళద్దం అనేది కుంటివాడి చంకకర్ర లాంటిదట. కర్రకు అలవాటుపడ్డ కాలు పని మానేస్తుందట. అందుకని కర్రను కొంచెం కొంచెంగా పొట్టి చేసుకుంటూ పోతే కాలు తన బలం తాను తెచ్చుకుంటుందట. వినడానికి ఎంత బాగుందో చూడండి! మునిగిపోయేవాడికి గడ్డిపోచ దొరికినట్టు మా మామయ్యకు ఆ మాట దొరికింది. పైగా పొట్టికర్రలన్నీ ఆయన పెట్టెలోనే ఉన్నాయాయె. ఇంటికి రాగానే కొత్త జోడు మడిచి లోపల పెట్టి, పోయినేటి జోడు తీసి పెట్టుకున్నాడు.

"ఏమే కోడలా, చూస్తా ఉండు. వచ్చే ఎండాకాలానికల్లా నా మొహాన అద్దాలే ఉండవు" అన్నాడు నాతో. మేనకోడల్ని కాబట్టి నన్నెప్పుడూ కోడలా అనే పిలిచేవాడు.

జ్వరం తగ్గాలని థర్మామీటరు దాచిపెట్టుకున్నట్టుంది ఆ పని. ఇప్పుడైతే అనగలుగుతున్నాను, అప్పుడు అనడానికి నేనెంత! నంబరే రోగమనుకున్నాడాయన. నంబరు తగ్గితే అమ్మమ్మ దారి నుంచి తాను వెనక్కి నడుస్తున్నట్టే అనుకున్నాడు.

ఇక ఇంట్లో పొన్నగంటి కూర రాజ్యం మొదలైంది. పొన్నగంటి పప్పు, పొన్నగంటి వేపుడు, పొన్నగంటి పులుసు. చూపున్న మాకైతే అంత తిన్నాక గోడ అవతలివి కనపడాలి, కనపడలేదు. తెల్లారగానే నోటినిండా నీళ్ళు పుక్కిట పట్టి కళ్ళమీద చన్నీళ్ళు చల్లుకునేవాడు. అరచేతులు రుద్ది వెచ్చగా కళ్ళకు ఆనించుకునేవాడు. మంచుపట్టిన గడ్డి మీద చెప్పుల్లేకుండా నడిచొచ్చి, వాకిట్లో నిలబడి, ఆరోజు ఏమేం కనపడుతున్నాయో పైకి చెప్పేవాడు. గుట్ట, గుట్టమీద తాడిచెట్టు, దాని కింద రాతిగోడ, మలుపులో కరెంటు స్తంభం, స్తంభం మీద కాకి. అమ్మ పొయ్యి దగ్గర నుంచి విని మురిసిపోయేది. అమ్మమ్మ అయితే ఆకాశం వైపు చేతులెత్తి దణ్ణం పెట్టేది. కొన్ని నెలలకు పోయినేటి జోడు కూడా పెట్టెలోకి పోయి, అంతకు ముందేటిది బయటికొచ్చింది. దానికి ఒకవైపు చెవి కమ్మీ విరిగి, దారం కట్టి ఉండేది.

ఒకనాడు ఆయన అదే పాఠం చెబుతుంటే నేను పక్కన నిలబడి చూస్తున్నాను. గుట్ట ఉంది. తాడిచెట్టు ఉంది. స్తంభం ఉంది. కాకి లేదు.

ఆ స్తంభం మీద రోజూ కాకి వాలుతుంది కాబట్టి ఆరోజూ ఉందన్నాడు మామయ్య. ఆయన చూసి చెప్పడం లేదు, తెలిసి చెబుతున్నాడు. అబద్ధమాడే మనిషి కాదు. తనకు కనపడుతోందనే నమ్ముతున్నాడు. ఆ నమ్మకమే నన్ను భయపెట్టింది.

పరిగెత్తుకెళ్ళి అమ్మకు చెప్పాను. అమ్మ పొయ్యిలో కట్టె ఎగదోస్తూ నావైపు చూడకుండానే కసిరింది. "నోరు ముయ్యవే. కళ్ళమీద చెడ్డమాట అనమాక. వాడేదో ఆశపడతన్నాడు." కానీ అప్పటికి కొన్నాళ్ళుగా అమ్మ మామయ్యకు మంచినీళ్ళ చెంబు కింద పెట్టడం మానేసి చేతికే అందిస్తోంది. అది నాకప్పుడు గుర్తొచ్చింది. ఒకసారి మాత్రం ఉండబట్టలేక, కనీసం పనికి పోయేటప్పుడన్నా కొత్త జోడు పెట్టుకోరాదా అని అడిగింది. "నా కళ్ళు అక్కా, నా ఇష్టం. పోతే నాయే పోతాయి" అన్నాడాయన. కోపంగా అనలేదు, బతిమాలుతున్నట్టు అన్నాడు.

అప్పటినుంచి నాకు మధ్యాహ్నాలంటే గండం. క్వారీలో తూటాలు పేలేది ఆ వేళకే. పేలిన ప్రతిసారీ మా వంటింట్లో అలమర మీద గిన్నెలు గలగలమనేవి. అదివరకు ఆ చప్పుడుకు నేను చెవులు మూసుకునేదాన్ని. ఇప్పుడు ముందు అమ్మ ఎక్కడుందని చూసుకునేదాన్ని, ఆ తర్వాత అమ్మమ్మ మంచం చూసేదాన్ని, ఆ తర్వాత వీధిలోకెళ్ళి నాతో ఆడుకునే పిల్లల్ని చూసేదాన్ని. అందరూ ఉంటే ఊపిరి పీల్చుకునేదాన్ని. మామయ్య దారి చూసి చెప్పాడో, తెలిసి చెప్పాడో అన్న ఆలోచన మాత్రం వదిలేది కాదు. ఎవరికి చెప్పను? చెబితే నోరు ముయ్యమంటారు.

ఎండాకాలం సెలవులు వచ్చాయి. ఒకరోజు మామయ్యకు అన్నం క్యారేజీ తీసుకుని అమ్మా నేనూ క్వారీకి వెళ్ళాం. అమ్మ నన్ను దిబ్బ దగ్గర మామయ్యకు అప్పజెప్పి, చేల గట్లమీద గేదెకు ఎండుగడ్డి కోసుకొస్తానని వెళ్ళింది. తిరిగి పెద్ద రోడ్డు మీదుగా వస్తానంది. మామయ్య నన్ను చెయ్యి పట్టుకుని దిబ్బ ఎక్కించుకున్నాడు. పైన రాళ్ళు పేర్చిన చిన్న చాటుగోడ ఉంది, దాని వెనక కూర్చోమన్నాడు. తాను నిలబడి విజిలు ఊదాడు. కిందివాళ్ళంతా దూరం జరిగారు. లారీ ఒకటి ఇంజను ఆపకుండా గుర్రుమంటూనే ఉంది. తూటాల తాత వత్తి దగ్గర గొంతుక్కూర్చుని పైకి చూస్తున్నాడు.

మామయ్య నాలుగు దిక్కులా చూశాడు. తొందరేమీ లేదు, ఒక్కో దిక్కూ నిదానంగా చూశాడు. అడ్డదారి వైపు చూసేటప్పుడు కళ్ళు చికిలించాడు. దారం కట్టిన కళ్ళజోడు ముక్కు మీదికి తోసుకున్నాడు. జెండా దించి కేకేశాడు.

"దారి ఖాళీ!"

పిరికివాళ్ళకు ఒక అలవాటుంటుంది. ఎక్కడ కూర్చున్నా పారిపోయే దారి ఎటుందో చూసుకుంటారు. నేనూ అలాగే గోడ మీంచి తల ఎత్తి చూశాను. తెల్లటి దారి మీద గడ్డిమోపొకటి కదులుతోంది. మోపు కింద మా అమ్మ. సున్నం దుమ్ములో ఆ ఎండుగడ్డీ, అమ్మ నీరుకావి చీరా నేలలో నేలగా ఉన్నాయి. మోపు బరువైందేమో, పెద్ద రోడ్డు మానేసి దగ్గరదారిన పడింది.

అరవాలనుకున్నాను. చేతులే ముందు లేచాయి. మామయ్య చొక్కా పట్టుకుని లాగాను. ఆయన నేను చప్పుడుకు భయపడుతున్నానని అనుకున్నాడు. "భయపడమాక కోడలా, నేనున్నాగా" అంటూ వంగి, తన రెండు అరచేతులతో నా చెవులు మూశాడు. ఎంత ప్రేమగా మూశాడో! ఆ చేతుల మధ్య నుంచే నా నోరు తెరుచుకుంది.

"అమ్మ! అమ్మ దారిలో ఉంది!"

మామయ్య చటుక్కున లేచి చూశాడు. నేను వేలు చూపించిన వైపే, సరిగ్గా అమ్మ వైపే చూశాడు. చూస్తూ ఉండిపోయాడు. ఆయన చూపు అమ్మ మీదుగా పోయి ఎటో వెళ్ళిపోయింది. మా అమ్మమ్మ గడప వైపు తిరిగి చూసే చూపే అది, అచ్చంగా అదే. నా బతుకులో నేను చూసినవాటిలో అంతకంటే భయంకరమైనది లేదు.

కింద వత్తి పొగలు కక్కుతోంది. తూటాల తాత వెనక్కి తిరిగి పరిగెత్తుతున్నాడు.

"ఎటు? కోడలా, ఎటు?" అంటూ మామయ్య దిబ్బ మీంచి దూకేశాడు. రాళ్ళల్లో పడుతూ లేస్తూ పరుగెత్తుతున్నాడు. నేను గోడ పట్టుకుని నిలబడి అరుస్తూనే ఉన్నాను. కుడికి, ఇంకా కుడికి, బండ దాటు మామయ్యా, ఇంకా ముందుకు! అమ్మ ఆయన్ను చూసి, ఏమైందో అర్థంగాక ఉన్నచోటే నిలబడిపోయింది. నిలబడొద్దని అరిచాను. నా గొంతు అక్కడిదాకా పోలేదు. మామయ్య చేతులు ముందుకు చాపుకుని వెళ్ళి, మోపుకు గుద్దుకుని, అప్పుడు తెలిసి, అమ్మను రెండు చేతులా పట్టుకుని పెద్దబండ వెనక్కి పడేశాడు.

పేలింది. దిబ్బ అదిరింది. నేను గోడ కింద ముడుచుకుపోయాను. రాళ్ళు వడగళ్ళలా పడుతున్న చప్పుడు. ఆ తర్వాత దుమ్ము. కళ్ళు తెరిచినా తెలుపే, మూసినా తెలుపే. నా చెయ్యి నాకే కనపడలేదు. అమ్మా అని పిలిచాను, మామయ్యా అని పిలిచాను. ఎవరూ పలకలేదు. కొన్ని నెలలుగా మామయ్య ఉంటున్నది ఇలాంటి చోటేనా అనిపించింది. నాకు ఏడుపు కూడా రాలేదు.

దుమ్ము పలచబడుతుంటే తెల్లటి ఆకారాలు రెండు ఒకదాన్నొకటి పట్టుకుని నడిచొస్తున్నాయి. నిజం చెప్పొద్దూ, ముందు దయ్యాలనే అనుకున్నాను. అమ్మ మోచెయ్యి చీరుకుపోయి నెత్తురు కారుతోంది. మామయ్య ముఖాన కళ్ళజోడు లేదు.

మేస్త్రీ పరిగెత్తుకొచ్చాడు. జనం మూగారు. అందరూ తప్పు అమ్మదేనన్నారు. "విజిలూదినాక దారెంట వస్తారా ఎవరన్నా? సోయుండక్కర్లా?" అని మేస్త్రీ అమ్మ మీద కేకలేశాడు. అమ్మ కొంగుతో నెత్తురద్దుకుంటూ, ఒక్క క్షణం తమ్ముడి ముఖంలోకి చూసింది. "నాదే తప్పయ్యా. విజిలు ఇన్నా కూడా, దాటిపోవచ్చులే అనుకున్నా" అంది.

విజిలు అమ్మకు వినపడలేదు. లారీ మోతలో ఎవరికి వినపడుతుంది? అమ్మ ఎందుకలా అంటోందో నాకు తెలిసింది. మామయ్య పని పోతే ఇంట్లో పొయ్యి వెలగదు. ఆయన ఊరుకుంటే చాలు, అందరూ ఎవరి పనికి వాళ్ళు పోతారు. మర్నాడు మళ్ళీ అదే దిబ్బ, అదే జెండా. నేను మామయ్య వైపు చూశాను. ఆయన ఊరుకుంటాడేమోనని నాకు పట్టిన భయం ఇంతా అంతా కాదు.

మామయ్య వంగి, నేలంతా తడిమి జెండా కర్ర వెతుక్కున్నాడు. ఎవరో అందించారు. దాన్ని మేస్త్రీ చేతిలో పెట్టాడు.

"అక్క తప్పేం లేదు. నాకు కనపడలా" అన్నాడు. అందరికీ వినపడలేదనుకున్నాడో ఏమో, ఇంకాస్త గట్టిగా చెప్పాడు. "చానా నెల్లనుంచి నాకు కనపడట్లా. కనపడతందని నాకు నేనే చెప్పుకుంటన్నా. పోతే నా కళ్ళేగా అనుకున్నా. దారెంట మా అక్క వస్తదనుకోలా."

అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. మేస్త్రీ తిట్టడానికి నోరు తెరిచి, మళ్ళీ మూసుకుని జెండా చుట్టసాగాడు. తూటాల తాత వచ్చి మామయ్య వీపు మీద చెయ్యివేసి, నీళ్ళ కుండ దగ్గరికి నడిపించుకెళ్ళాడు.

జెండా పని పోయింది. మర్నాడే అమ్మ ఆయన్ని వెంటబెట్టుకుని నరసరావుపేట తీసుకెళ్ళింది, నన్నూ తీసుకెళ్ళింది. కళ్ళ డాక్టరు అంతా విని మామయ్యను చెడామడా తిట్టాడు. అద్దం పలచనైతే జబ్బు పలచనవదయ్యా అన్నాడు. చివర్లో మామయ్య గొంతు తగ్గించి, "మా అమ్మలాగే నాకూ పోతాయా?" అని అడిగాడు. అమ్మమ్మకు ఎలా మొదలైందో అడిగి తెలుసుకుని, కళ్ళలోకి దీపం వేసి చాలాసేపు చూశాడు డాక్టరు. మీ అమ్మది వేరే జబ్బు, అది నీ కళ్ళలో లేదు, నీకు దూరం ఆనదు, అంతే అన్నాడు. ఇన్నేళ్ళూ ఆ ఒక్క ప్రశ్న అడగకపోవడం వల్లే భయం మామయ్యను తినేసింది. అడిగి ఉంటే దిబ్బ మీద ఆ రోజు వచ్చేదే కాదు.

కొత్త కళ్ళజోడు సోడాబుడ్డి అడుగంత మందం. పెట్టుకుని మామయ్య అటూ ఇటూ చూడలేదు. నేరుగా అమ్మ ముఖంలోకి చూశాడు. చూసి చూసి, "అక్కా, నీకు తెల్లెంట్రుకలు ఎప్పుడొచ్చినయ్యే?" అన్నాడు. అమ్మ నవ్వబోయి భోరుమంది. తిరుగు బస్సులో ఇద్దరూ ఒకరినొకరు చూసుకోకుండా కూర్చున్నారు. వాళ్ళ నడుమ కూర్చుని నేను నిద్రపోయాను.

మామయ్య ఆ తర్వాత క్వారీలోనే బండలెత్తే పని చేశాడు. కష్టమైన పనే. ముసలివాడయ్యేదాకా ఆ మందపాటి అద్దాలతోనే బతికాడు, పోయేరోజు వరకు మనుషుల్ని గుర్తుపట్టాడు. ట్రంకుపెట్టెలోని పాత జోళ్ళు ఏంచేశాడో నేనడగలేదు.

ఇప్పుడు నేనూ ముసలిదాన్నే, నరసరావుపేటలో మనవడి దగ్గర ఉంటున్నాను. ఆమధ్య వాడు ఫోనులో ఎవరో చెప్పింది విని, నంబరు తగ్గించిన అద్దాలు తెప్పించుకున్నాడు. అవి పెట్టుకునే బండి మీద ఆఫీసుకు పోతున్నాడు, తన కూతుర్ని ముందు కూర్చోబెట్టుకుని బడిలో దించుతున్నాడు. ఇదేం పనిరా అంటే, "నా కళ్ళేగా అమ్మమ్మా" అని నవ్వాడు. ఆ పూట వాడికి ఇదంతా చెప్పాను. విని, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ అదే పెట్టుకున్నాడు. మర్నాడు నా కళ్ళు చూపించుకోవాలని చెప్పి వాణ్ణి వెంట తీసుకెళ్ళాను.

కళ్ళాసుపత్రిలో ఆ గోడమీది అక్షరాలు నాకు ఎప్పుడో నోటికి వచ్చేశాయి. ఏటా అవే కదా. కింది వరస చదవమంది కళ్ళు పరీక్ష చేసే అమ్మాయి. చూడకుండానే చెప్పేయొచ్చు, నా కళ్ళు భేష్ అనిపించుకోవచ్చు. ఆశ లేదని చెప్పను. అప్పుడు నాకు మలుపులో స్తంభం, దానిమీద లేని కాకి గుర్తొచ్చాయి. "కనపడట్లా అమ్మాయ్" అన్నాను. కొంచెం గట్టిగానే అన్నానేమో, బయట కూర్చున్నవాళ్ళు తలెత్తి చూశారు. నా తర్వాత మనవడు వచ్చి ఆ కుర్చీలో కూర్చున్నాడు. కళ్ళజోడు తీసి చేత్తో తిప్పుతూ, మెల్లిగా, "నాక్కూడా ఈ అద్దాలతో కనపడట్లేదండి" అన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు సంచిలోంచి, నంబరు తగ్గించకముందు వాడిన సరైన జోడు తీసి పెట్టుకుని బండి స్టార్ట్ చేశాడు. బండి ఎక్కితే రోడ్డు మీద ప్రతి లారీకీ ఉలిక్కిపడే మనిషిని నేను. ఆరోజు వాడి భుజం మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాను. దారి ఖాళీగా ఉందో లేదో నేను చూడలేదు. వాడు చూస్తున్నాడు.